మోళ్ల లెక్క

చిత్తూరు 1911 దాకా ఉత్తర ఆర్కాడులోనిదే. ఎర్రచందనానికి ఇప్పటికీ ఆ రెంటి మధ్య సరిహద్దు పట్టదు. శేషాచలం నుంచి వేలూరు వైపు కొండల దాకా అక్కడక్కడా కనిపిస్తుంది. దాని లెక్క తేల్చేవాళ్లు నేల మీద తాడుతో చదరం కట్టి, రొమ్మెత్తున, అంటే 1.37 మీటర్ల దగ్గర, మానుకు టేపు చుడతారు. లావు మాన్లెన్ని, మొక్కలెన్ని, నరికిన మోళ్లెన్ని? నాకు ముచ్చటేసేది ఈ మోళ్ల లెక్కే. లేని చెట్టునూ లెక్కేస్తారు మరి! మోడు చిగురిస్తే దూరానికి అడవి పచ్చగానే ఉంటుంది, చేవ మాత్రం ఉండదు. ఇలాంటి లెక్కల్లో ఏ జాతైనా మూడు తరాల్లో సగానికి సగం తగ్గినట్టు తేలితే, జీవజాతుల ముప్పు జాబితా కట్టే ఐయూసీఎన్ సంస్థ దాన్ని 'అంతరించే ప్రమాదం' వరుసలో రాస్తుంది. ఆ జాబితాలో 2018లో ఈ చెట్టు కాస్త తెరిపిన పడింది; 2021లో మళ్లీ ఆ వరుసకే చేరింది.