పొగ మానిన మెదడు: ‘మూడు వారముల’ లెక్క

పొగత్రాగుట మానిన మూడు వారములకు మెదడు పూర్వస్థితికి వచ్చునని ఆరోగ్య ప్రచార వ్యాసములలో తరచు చదువుచున్నాము. వినుటకు హాయిగా నున్నది, విద్యార్థులకు చెప్పుటకును సులభము. కాని ఈ మాట ఎక్కడ పుట్టినదో విచారింపకయే తరగతిలో చెప్పుట మంచిది కాదు.

1905లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు లాంగ్లీ నికోటిన్‌తో కండరములపై ప్రయోగములు చేసి, ఆ రసాయనమును అందుకొను పదార్థమొకటి కణములో ఉండవలెనని ప్రతిపాదించెను. గ్రాహకము అను భావమునకు ముఖ్యమైన నాంది అదియే. మెదడులోని ఈ గ్రాహకములు నిజమునకు ఎసిటైల్‌కోలీన్ అను సహజ రసాయనము కొరకు ఏర్పడినవి. నికోటిన్ దాని చోట వచ్చి కూర్చుండును. దీనిని తాళము, తాళపుచెవి అని మనము బోధింతుము. ఈ పోలిక కొంతదూరము వరకే నడచును. ఎసిటైల్‌కోలీన్‌ను ఒక ఎంజైము క్షణములో విరుగగొట్టును. నికోటిన్‌ను ఆ ఎంజైము ఏమియు చేయలేదు. నికోటిన్ చాలసేపు నిలిచి యుండుటచే గ్రాహకములు స్పందింపక మొద్దుబారును. ఏ తాళమును చెవి పెట్టినంత మాత్రమున మొద్దుబారదు గదా! అంతకంటె వింత ఏమనగా, వాని సంఖ్య పెరుగును. మరణించిన ధూమపాయుల మెదళ్లలో నికోటిన్ అంటుకొను స్థానములు ఇతరులలో కంటె ఎక్కువగా నున్నట్లు 1988లో బెన్వెల్, బాల్ఫోర్, ఆండర్సన్ అనువారు చూపిరి.

మరి మానినచో అవి ఎన్నాళ్లకు తగ్గును? సజీవులలో దీనిని కొలుచుటకు రేడియోధార్మిక అయొడిన్ గుర్తు గల పదార్థమును రక్తములోనికి పంపి, మెదడులో అది ఎంత అంటుకొనినదో చిత్రములు తీయుదురు. ఇచ్చట ఒక చిక్కున్నది. మానిన మొదటి గంటలలో పాత నికోటిన్ ఇంకను గ్రాహకములను ఆక్రమించియే యుండును. ఖాళీ సీట్లను మాత్రమే లెక్కించి బస్సులో మొత్తము ఇన్నియే సీట్లున్నవని చెప్పిన కండక్టరు వలె, ఆనాటి కొలత మనలను మోసగించును. నికోటిన్ పూర్తిగా తొలగిన తరువాతనే అసలు సంఖ్య బయటపడును.

2007లో జపానులోని క్యోటో పరిశోధకులు సుమారు 21 రోజులకు ఈ సంఖ్య పొగత్రాగనివారి స్థాయికి దిగినదనిరి. ‘మూడు వారముల’ మాటకు ఆధారము ఇట్టిదే. కాని 2009లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు, హెచ్చుదల ఒక నెల వరకు నిలుచుననియు, 6 నుండి 12 వారములకు సమస్థితి వచ్చుననియు తేల్చిరి. రెండును కొలది మందిపై జరిగిన పరిశోధనలే. మన ప్రచారకులు మాత్రము మొదటిదానినే పట్టుకొనిరి. చిన్న అంకె ఉత్సాహము కలిగించుననియే కాబోలు!

నా అసలు అభ్యంతరము అంకెపై కాదు. గ్రాహకముల సంఖ్య తగ్గుటయు, కోరిక చచ్చుటయు ఒకటియేనని ఈ వాక్యము ధ్వనింపజేయుచున్నది. ఏ సహాయమును లేకుండ మానబూనినవారిలో ఎక్కువమంది మొదటి వారము పదిరోజులలోనే ఓడిపోవుదురు. గ్రాహకములు ఎక్కువగా నుండి, నిద్ర మేల్కొని, నికోటిన్ దొరకని దినములవి. చిరాకు, నిద్రలేమి, ఏకాగ్రత లేకపోవుట అప్పుడే హెచ్చు. ఇంతవరకు గ్రాహకముల లెక్క సరిపోవును. కాని ఆరు నెలలు మాని తిరిగి మొదలుపెట్టువారును ఉన్నారు. వారి గ్రాహకములు ఏనాడో సర్దుకొనవలసినవి. భోజనానంతరము, టీకొట్టు వద్ద, అగ్గిపెట్టె చప్పుడు వినగానే పుట్టు కోరిక వేరు. అది నేర్చుకొనిన సంబంధము, అనగా జ్ఞాపకము. దానికి మూడు వారముల గడువు లేదు.

ఒక విద్యార్థి ఈ పాఠము విని ఇంటికి పోయి తండ్రికి చెప్పినాడనుకొందము. రెండు నెలలు మానిన ఆ తండ్రికి ఒకనాడు కోరిక కలిగినచో, తన మెదడే చెడినదనియో, తనకు మనోబలము లేదనియో భావించును. రెండును తప్పే. అట్టి నిరాశలో మరల ఒకటి ముట్టించుట ఎంత సులభమో చెప్పనక్కరలేదు.

మరియొక సంగతి. క్యోటోలోను, యేల్‌లోను పరీక్షింపబడినవారు సిగరెట్లు త్రాగువారు. మన ఊళ్లలో బీడీ, చుట్ట, ఖైనీ, గుట్కా కలవు. శ్రీకాకుళము ప్రాంతమున నిప్పు నోటిలో పెట్టుకొను అడ్డపొగయు కలదు. వీని అన్నింటిలోను నికోటిన్ ఉన్నది గాని, అది రక్తములో చేరు వేగము ఒకటి కాదు. పొగలో నికోటిన్ క్షణములలో మెదడు చేరును. నమలు పొగాకులో మెల్లగా చేరి ఎక్కువసేపు నిలుచును. కనుక సిగరెట్టుపై వచ్చిన వారముల లెక్కను గుట్కా నమలు కుర్రవానికి యథాతథముగా అప్పగింపరాదు.