నీటికుక్క తిండి లెక్క

కాకినాడ పక్కన కోరింగ మడ అడవుల్లో తిరిగే నీటికుక్కలు నున్నటి బొచ్చు జాతివి. పెరిగిన జంతువు బరువు 7 నుంచి 11 కిలోలు. ప్రధాన ఆహారం చేప. రొయ్యలు, పీతలు, కప్పలు, పురుగులు, ఎలుకలు, ఎప్పుడైనా చిక్కే పక్షులు ఆ తర్వాతే. తిమింగలానికి ఉన్నట్టు చర్మం కింద మందపాటి కొవ్వు పొర వీటికి లేదు. దట్టమైన బొచ్చు, కడుపునిండా తిండి, ఈ రెండే ఒంటిని వెచ్చగా ఉంచుతాయి. అందుకే రోజుకు కిలోదాకా ఆహారం కావాలి.

వేట చాలావరకు గుంపుగానే. ఇంగ్లిషు 'వి' అక్షరంలా బారులు తీరి చేపలను తరుముతాయి. బురదనీటిలో కన్ను ఆననిచోట మీసాలు నీటి కదలికను పసిగడతాయి. బంగ్లాదేశ్‌లోని నడాయిల్ ప్రాంతపు జాలర్లు మచ్చిక చేసిన నీటికుక్కలతో చేపలను వలలోకి తోలించుకునేది ఈ నేర్పును చూసే.

అయితే మడల్లో ఈ వేటను కళ్లారా చూడటం అరుదు. ఏం తిన్నాయో చెప్పేది మలమే. నీటికుక్కలు గట్టు మీద ఒకేచోట, మళ్లీమళ్లీ విసర్జిస్తాయి. దాన్ని తెచ్చి, నానబెట్టి, సన్నని జల్లెడలో కడిగితే పొలుసులు, వెన్నుపూసలు, పీత డొప్ప ముక్కలు మిగులుతాయి. వాటిని ఆ నీళ్లలోనే దొరికే చేపల ఎముకలతో పోల్చి జాతిని గుర్తిస్తారు. ఓపికతోపాటు అనుమానం కూడా ఉండాల్సిన పని ఇది. జెల్లకు పొలుసులే ఉండవు. పొలుసులు మాత్రమే ఏరేవాడి లెక్కలో ఆ చేప లేనట్టే. దాన్ని పట్టిచ్చేది రెక్క దగ్గరి రంపపు ముల్లు, జాలర్ల చేతుల్లో గుచ్చుకునేదే. పెద్ద పండుగప్పను గట్టుకు లాక్కొచ్చి తిన్నప్పుడు తల, గట్టి ఎముకలు అక్కడే వదిలేస్తే, మలంలో దాని వాటా తగ్గి కనిపిస్తుంది. చిన్న చేప ఎముకలతో సహా లోపలికి పోతుంది కాబట్టి దానిది పెరుగుతుంది. పైగా అదే గట్టు మీద బావురుపిల్లి కూడా తిరుగుతుంది. అదీ చేపలు, పీతలు తినేదే కనుక ఎవరి మలం ఏదో ముందే తేల్చుకోవాలి.

ఎన్ని మలాల్లో ఫలానా చేప కనిపించిందన్న లెక్క ఒకటి, కడుపులోకి వెళ్లిన బరువు మరొకటి. మొదటిదాన్ని రెండోదిగా రాసేయడం ఈ పనిలో జరిగే పెద్ద పొరపాటు. నీళ్లలో ఏ చేప ఎంత ఉందో వల వేసి చూడకుండా 'ఇష్టమైన ఆహారం' అనడమూ తొందరపాటే. నీటికుక్క సాధారణంగా దండిగా ఉన్నదాన్ని, తేలిగ్గా చిక్కేదాన్ని పట్టుకుంటుంది. ఆటుకు నీరు తీసినప్పుడు చేపలు పాయల్లోని గుంటల్లోకి చేరతాయి. అప్పుడు వేటకు శ్రమ తక్కువ.

ఈ తేడాలు చేపల చెరువుల రైతుకూ ముఖ్యమే. మలంలో తిలాపియా పొలుసు దొరికినంత మాత్రాన అది చెరువుదని చెప్పలేం. కాలువలోనూ, పాయలోనూ ఆ చేప ఉంది. చెరువు గట్టు చుట్టూ గట్టి వల కంచె కడితే నీటికుక్కల రాక తగ్గుతుంది. చంపడం మాత్రం నేరం: 2022 సవరణ తర్వాత ఈ జాతి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది.