కామ్‌కార్డరు ఎంపిక: పిక్సెళ్ల లెక్క చెప్పని సంగతులు

వీణతీగను మీటితే అది ఏ ఆకారంలో కంపిస్తుందో భౌతికశాస్త్రం చదివే విద్యార్థికి తెలిసినదే. రెండు కొనలూ కదలవు. నడుమ ప్రధానంగా ఒకే ఉచ్చు ఏర్పడుతుంది. కొన్ని సంవత్సరాల క్రిందట ఒక పాఠశాల సైన్సు క్లబ్బులో ఈ ప్రయోగాన్ని వీడియో తీసి తెరపై చూపించారు. చూపరులలో నేనూ వున్నాను. తెరపై తీగ పాములాగా మెలికలు తిరిగింది. వెనుక వరుసలోని పిల్లవాడొకడు వాటిని లెక్కపెట్టి, "మూడు తరంగాలండీ" అన్నాడు. వాడి లెక్క సరియైనదే. తీగ మాత్రం అట్లా కంపించలేదు. ఆ మెలికలన్నీ కెమేరా కల్పించినవి.

ఆ కెమేరా చవకబారుది కాదు. వృత్తిదారులు వాడే తరగతికి చెందినది. డబ్బాపై పిక్సెళ్ల సంఖ్య పెద్ద అక్షరాలలో అచ్చయి వున్నది. ఆ సంఖ్యను చూసే కొన్నారు. అందులో అబద్ధం లేదు. కాని పాఠం చెప్పడానికి కెమేరా కొనేవారు అడగవలసిన ప్రశ్నలు వేరే వున్నవి. వాటికి జవాబు ఆ సంఖ్యలో దొరకదు.

మొదటి ప్రశ్న సెన్సారును గురించినది. కాంతి పడినప్పుడు సెన్సారులోని ప్రతి గడిలోనూ విద్యుదావేశం పోగవుతుంది. దానిని కొలిచే పద్ధతులు రెండు. 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో విల్లార్డ్ బాయిల్, జార్జి స్మిత్ అనే శాస్త్రజ్ఞులు సీసీడీని కనిపెట్టారు. 2009లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిలో సగం వీరిద్దరికీ లభించింది. ఇంటికి స్లాబు వేసేటప్పుడు కూలీలు వరుసగా నిలబడి కాంక్రీటు తట్టలను చేతులు మార్చుకుంటూ పైకి పంపుతారు గదా! సీసీడీలో విద్యుదావేశం కూడ ఇట్లాగే గడి నుంచి గడికి సాగి, చివరనున్న ఒక్కచోట కొలవబడుతుంది. రెండవదైన సీమాస్ చిప్పులో ప్రతి గడి పక్కనే దాని సొంత వర్ధకం వుంటుంది. తట్టలు మోసే పని లేదు. విద్యుత్తు ఖర్చు తక్కువ, వేగం ఎక్కువ, తయారీ సులభం. 1990ల నుంచి ఇది క్రమంగా బలం పుంజుకొని, నేడు కొత్త కామ్‌కార్డర్లలో సీసీడీ దాదాపు కనిపించకుండా చేసింది.

అయితే సాధారణ సీమాస్ చిప్పు బొమ్మనంతా ఒకే క్షణంలో తీయదు. పై వరుస నుంచి కింది వరుసదాకా ఒక్కొక్క వరుసగా చదువుతుంది. ఇందుకు సెకనులో 60వ వంతు పట్టిందనుకుందాం. తీగ సెకనుకు 180 సార్లు కంపిస్తూ, బొమ్మలో నిలువుగా వున్నదనుకుందాం. పై వరుస చదవడం మొదలై కింది వరుస ముగిసేలోగా తీగ 3 కంపనాలు పూర్తి చేస్తుంది. కనుక తీగలోని ఒక్కొక్క భాగం ఒక్కొక్క కాలానికి చెందిన స్థానంలో అచ్చవుతుంది. పిల్లవాడు లెక్కపెట్టిన మూడూ ఇవే. షట్టరు వేగం పెంచితే ఈ దోషం పోదు సరిగదా, మెలికలు ఇంకా స్పష్టంగా కనిపిస్తవి. కెమేరాను పక్కకు తిప్పి, తీగ బొమ్మలో అడ్డంగా వచ్చేటట్లు తీస్తే మెలికలు మాయమవుతవి. ఉపాధ్యాయులు ఈ రెండు దృశ్యాలనూ పక్కపక్కనే చూపగలిగితే అది చక్కని పాఠం. మొదటిది ఒక్కటే చూపితే మాత్రం పిల్లలు తప్పు నేర్చుకుంటారు.

సీసీడీని చూసి కంటనీరు పెట్టుకునేవారు ఇప్పటికీ వున్నారు. వారితో నేను పూర్తిగా ఏకీభవించను. ప్రకాశవంతమైన దీపం బొమ్మలో పడితే సీసీడీలో పై నుంచి కిందికి తెల్లని నిలువు చార ఏర్పడేది. ఆవేశాన్ని మోసే దారిలోకి కాంతి చొరబడడమే దీనికి కారణం. మెగ్నీషియం తీగను వెలిగించే ప్రయోగం తీసినవారికి ఆ చార బాగా గుర్తుండాలి.

ఇక చిప్పు పరిమాణం. "ఒక అంగుళం సెన్సారు" అన్నంత మాత్రాన అందులో ఏ కొలతా అంగుళం వుండదు. పూర్వకాలపు టెలివిజన్ కెమేరాలలోని గాజు గొట్టాల బయటి వ్యాసాన్నిబట్టి వచ్చిన పేర్లివి. అంగుళం చిప్పు కర్ణం సుమారు 16 మిల్లీమీటర్లు. మూడోవంతు అంగుళం చిప్పు కర్ణం సుమారు 6. వైశాల్యాలలో భేదం ఏడు రెట్లు. కాంతి కణాల రాకలో సహజంగానే ఒడుదుడుకు వుంటుంది. 100 ఫోటానులు చేరే గడిలో అది 10, అనగా నూటికి 10. పదివేలు చేరే గడిలో అది 100, నూటికి ఒకటి మాత్రమే. మసక వెలుతురులో తీసిన బొమ్మపై ఇసుక చల్లినట్లు కనిపించేది ప్రధానంగా ఇదే. చిప్పు వైశాల్యాన్ని పెంచకుండా గడుల సంఖ్యను మాత్రమే పెంచితే ఒక్కొక్క గడి వాటా తగ్గిపోతుంది.

రికార్డింగు పద్ధతుల సంగతి తేల్చుకోవడానికి 2005 ప్రాంతంలో పోటీపడిన రెండు కెమేరాలను పోల్చి చూడడం మంచిది. సోనీ హెచ్‌వీఆర్-జెడ్1 ఒకటి, పానసోనిక్ ఏజీ-హెచ్‌వీఎక్స్200 మరొకటి. రెండింటిలోనూ మూడోవంతు అంగుళం సీసీడీలు మూడేసి వుండేవి. పట్టకాల అమరిక ఒకటి కాంతిని ఎరుపు, ఆకుపచ్చ, నీలములుగా విడదీసి వాటికి పంచేది. సోనీ చిప్పులో సుమారు 960 నిలువు వరుసలు, 1080 అడ్డవరుసలు. పానసోనిక్ చిప్పులో 960, 540 మాత్రమే! అనగా సోనీలో సగం. ఆకుపచ్చ చిప్పును మిగిలినవాటికంటె అరగడి పక్కకు జరిపి, మధ్య వివరాలను రాబట్టేవారు. లెక్క చూసి కొనేవారు సోనీవైపే మొగ్గుతారు.

కాని సోనీ వాడిన హెచ్‌డీవీ పద్ధతిలో బొమ్మను చిన్న డీవీ టేపుపైనే సెకనుకు 25 మెగాబిట్లలో ఇరికించాలి. విద్యార్థులు లెక్క చేసి చూడవచ్చు. 1440ని 1080తో గుణించి, బిందువుకు 12 బిట్ల చొప్పున, సెకనుకు 25 ఫ్రేములకు లెక్కిస్తే 467 మెగాబిట్లు వస్తవి. దానిని 19వ వంతుకు కుదించాలన్నమాట. ఇందుకోసం 12 ఫ్రేములలో ఒకదానిని మాత్రమే పూర్తిగా రాసి, తక్కినవాటిలో మార్పులను మాత్రమే రాస్తారు. గోడపై పటం, బల్లపై అమర్చిన పరికరాలు తీసినంతసేపూ ఇది అద్భుతంగా పనిచేస్తుంది. తరంగ తొట్టిని తీయండి! అక్కడ ప్రతి ఫ్రేములోనూ ప్రతి బిందువూ మారుతుంది. రాయవలసిన మార్పులకు చోటు చాలక, అలల అంచులు చతురస్రాల ముక్కలుగా విరిగిపోతవి. టేపుపై చిన్న లోపం వస్తే అర సెకను బొమ్మ గల్లంతు కావచ్చును.

పానసోనిక్ డీవీసీప్రో హెచ్‌డీ పద్ధతి ప్రతి ఫ్రేమునూ విడిగా రాస్తుంది, సెకనుకు 100 మెగాబిట్లలో. కుదింపు సుమారు 6 రెట్లే. రంగుల వివరాలు కూడ హెచ్చు. అయితే అప్పటి 8 జి.బి. పీ2 కార్డు పది నిమిషాలైనా గడవకముందే నిండిపోయేది. టేపు గంటసేపు నడిచేది, కార్డుతో పోలిస్తే దాని ధర ఏపాటిది! పాఠశాలకు నేనైతే ఆ రోజుల్లో సోనీనే కొనమనేవాడిని, తరంగ తొట్టి జోలికి పోవద్దని చెప్పి.

రంగుల విషయం పైన ఊరక ప్రస్తావించి వదిలాను. మన కన్ను వెలుగునీడల వివరాన్ని గుర్తించినంత బాగా రంగుల వివరాన్ని గుర్తించదు. అందుచేత 4:2:0 పద్ధతిలో నాలుగు బిందువులకు కలిపి ఒకే రంగు విలువను రాస్తారు; 4:2:2లో రెండింటికి ఒకటి. మనిషి ముఖం తీసేటప్పుడు ఈ తేడా తెలియదు. ఉష్ణమాపకంలోని సన్నని ఎర్రని ఆల్కహాలు దారాన్ని తీసి చూడండి. మొదటి పద్ధతిలో ఎరుపు పక్కనున్న తెలుపుతో కలిసి, దారం వెలిసిపోయినట్లు, అంచులు చెరిగినట్లు కనిపిస్తుంది. రీడింగు చెప్పమంటే పిల్లలు తడబడతారు.

నేటి కెమేరాలకు ఇవన్నీ వర్తిస్తాయా? వర్తిస్తాయి. సోనీ పీఎక్స్‌డబ్ల్యూ-జెడ్90లో అంగుళం తరగతి సీమాస్ చిప్పు ఒక్కటే వున్నది. దాని గడులపై 1976లో పేటెంటు పొందిన బేయర్ అమరికలో రంగు జల్లెడలు వుంటవి: సగం ఆకుపచ్చ, పావు ఎరుపు, పావు నీలం. ఒక్కో గడి ఒక్క రంగునే కొలుస్తుంది. మిగిలిన రెండూ ఇరుగుపొరుగు గడుల నుంచి ఊహించినవి. ఇది 4కె చిత్రాన్ని 8 బిట్లలో, 4:2:0 పద్ధతిలో రాస్తుంది. అదే కెమేరా హెచ్‌డీ చిత్రాన్ని 10 బిట్లలో, 4:2:2 పద్ధతిలో రాయగలదు. ఉష్ణమాపకాన్ని దగ్గరగా తీసి బొమ్మ నిండా చూపేటప్పుడు, చిన్న సంఖ్య గల హెచ్‌డీనే నేను వాడతాను. నాటి ఎంపెగ్-2 కంటె నేటి హెచ్.264 కుదింపు చాలా నేర్పుగలదన్న మాట నిజమే. అయినా 4కెలో 25 ఫ్రేములకు 100 మెగాబిట్లు కేటాయిస్తే కుదింపు మళ్లీ 25 రెట్లు!

కొనబోయే ముందు దుకాణంలో అడగవలసిన పని ఒకటున్నది. తిరిగే ఫ్యానునూ, ఒక పళ్లెంలో కదిలించిన నీటినీ, ఎర్రదారం చుట్టిన తెల్లకాగితాన్నీ రెండేసి నిమిషాలు తీయనివ్వమనండి. మన విద్యుత్తు 50 హెర్ట్‌జ్‌ది కనుక షట్టరును 50వ వంతు సెకనుకు పెట్టి ఒకసారి, 1000వ వంతుకు పెట్టి మరొకసారి తీయండి. కెమేరాకున్న చిన్న తెరపై చూసి తృప్తిపడవద్దు; అందులో అన్నీ బాగానే వుంటవి. కార్డును ఇంటికి తెచ్చి, తరగతి గదిలో వాడబోయే పెద్ద తెరపైనే, ఒక్కొక్క ఫ్రేము ఆపి చూడండి. కార్డు ఇవ్వడానికి దుకాణదారు ఒప్పుకోకపోతే మీ కార్డునే వెంట తీసుకువెళ్లండి.