మూడు చాళ్ల సారథ్యము

బరంపురపు లంజిపల్లిలో ఆటోను దినమంతటికి మాటాడుకొని, గోపాలపురపు పాతరేవు శిథిలములను, దీపస్తంభమును, గంజాము కడ ఋషికుల్య ముఖమునకుఁ జేరువనున్న పోటాగఢమును జూడఁబోవువారి కన్నులు సముద్రముపై నుండునే గాని, తమ్మచ్చటికిఁ జేర్చు చేతుల నేర్పుపై నిలుచుట అరుదు. నాకు ముచ్చట గొలుపునది ఆ నేర్పే. కారునకు రెండు చాళ్లు, ఆటోకు మూడు. ముందు చక్రము నట్టనడుమ నడచును గనుక గోతిని చక్రముల సందున విడిచి సాగుట దానికి సాధ్యము గాదు. కావున సారథి గోతిని దూరముననే పసిగట్టి, ఎడమచేత క్లచ్చు నొక్కి, ఆ పిడినే త్రిప్పి గేరు తగ్గించి, కుడిపిడి సడలించి, బ్రేకుపై పాదము మెత్తగా మోపి, వెనుక చక్రముల నొక్కదానిని మాత్రము గోతి యంచున జార్చి, లోనఁ గూర్చున్న ముదుసలి నడుము కదలకుండ దాఁటించును. ఎంత సుకుమారమైన పని! ఒంటిచక్రపు మొగము గల బండి మలుపునఁ దూలునని యెఱిఁగి వేగమును ముందే విడుచును. గాలి యిసుక విసరునపుడు ఆ వైపు రెక్సిను తెర దించి, రెండవ ప్రక్కను చూపునకు వదలును. వానకాలపు మొగలిపూల పరిమళము, ఎండుచేపల వాసన, ఉప్పుగాలి యడ్డము లేక మనలను దాఁకును. అంగడిలో ఒడియాలో బేరమాడినవాఁడే బెస్తపల్లెలోఁ దెనుఁగునఁ బలుకరించి, వలలు లాగు తావు నడిగి తెలిసికొని, “అమ్మా, ఇక్కడ దిగండి, ఇసుకలో నడక తక్కువ” అని బండిని అలల కెదురుగాఁ ద్రిప్పి నిలుపును.