గోదాకు కావలసింది వస్తాదు

నిజామాబాద్, ఆదిలాబాద్ వైపు పల్లెల్లో జాతరో హోలీయో వస్తే కుస్తీ పోటీలు పెడతారు. కొబ్బరికాయ కుస్తీతో మొదలై, చివరి జోడీలో గెలిచినవాడి చేతికి వెండి కడియం తొడగడంతో అవి ముగుస్తాయి. పొరుగున ఉన్న మహారాష్ట్ర నుంచి కూడా మల్లులు వస్తారు, జనం విరగబడి చూస్తారు. మర్నాటి నుంచి ఏడాది దాకా ఆ గోదా ఊసు ఎవరికీ పట్టదు. కుస్తీని బతికిస్తున్నవి ఈ పోటీలేనని మన నమ్మకం. అందులో నిజం సగమే. పోటీ గెలిచినవాణ్ణి చూపిస్తుందే గాని గెలిచేవాణ్ణి తయారుచెయ్యదు. ఆ పని కుస్తీ నేర్పే గురువుది, అంటే వస్తాదుది. మల్లుడు పోటీలు మానేశాక వస్తాదుగా కుదురుకుంటేనే అతని విద్య నాలుగు కాలాలు నిలుస్తుంది. లేదంటే అతనితోనే పోతుంది.

ఎందుకు పోతుందో కుస్తీ సాధన సాగే తాలీంఖానాలో జరిగే పనిని దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ఎర్రమట్టిని జల్లెడ పట్టి, నూనె, పసుపు, మజ్జిగ కలిపి మెత్తబరుస్తారు. సాధనకు ముందు పారతో తిరగదవ్వుతారు; భుజాలకు అదే మొదటి కసరత్తు. ఆపైన దండీలు, బస్కీలు, ముద్గరం తిప్పడం. ఇదంతా అయ్యాకే పట్లు. దోబీపాట్ వెయ్యాలంటే ఎదుటివాడి చేతిని ఒడిసిపట్టి, గిరుక్కున వెనుదిరిగి, ఆ చేతిని భుజం మీదికి లాక్కుని, నడుమును అతని నడుము కిందికి దూర్చి, బండ మీద బట్ట బాదినట్టు ముందుకు విసరాలి. నడుము కాస్త ఎత్తుగా ఉంటే బరువు లేవదు; తిరగడం ఆలస్యమైతే మన వీపే వాడికి చిక్కుతుంది. కలాజంగ్‌ది మరో తీరు. చంక కింద తల దూర్చి, ఒక చేత్తో అతని చేతిని బిగించి, రెండో చేతిని తొడల మధ్యకు పోనిచ్చి, మనిషిని భుజాల మీదికి ఎత్తి దొర్లించాలి. తప్పు ఎక్కడ జరిగిందో చేసేవాడికి తెలియదు, చూసే జనానికీ తెలియదు. ఆ పట్టు వేసి, ఆ పట్టులో పడి ఒళ్లు రాటుదేలినవాడికే తెలుస్తుంది. అతను పక్కన నిలబడి నడుము మీద చెయ్యి వేసి సరిదిద్దితే గాని కుర్రవాడికి పట్టు రాదు.

నేర్పే పనిని తెలుగునాట మనం పట్టించుకోమనడానికి కోడి రామ్మూర్తి నాయుడి జీవితమే సాక్ష్యం. 1882లో వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో కుస్తీ నేర్చి, మద్రాసు సైదాపేట కాలేజీలో వ్యాయామ శిక్షణ పొంది, తిరిగొచ్చి విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడయ్యాడు. తరవాత సర్కస్ పెట్టి లోకమంతా పేరు తెచ్చుకున్నాడు. ఛాతీ మీద ఏనుగు, తెగిన ఉక్కు గొలుసులు, కదలకుండా ఆపిన మోటారు కార్లు – జనం నోట మిగిలినవి ఇవే. విశాఖ తీరాన విగ్రహం ఉంది, శ్రీకాకుళంలో ఆయన పేర స్టేడియం ఉంది. బలాన్ని మెచ్చుకోవడం మనకు బాగా వచ్చు. ఆ బలం వెనకున్న ప్రాణాయామ సాధనను, బడిలో ఆయన చేసిన కొలువును మాత్రం తలుచుకోం.

ఢిల్లీలో గురువు పని ఇలా మరుగున పడలేదు. గురు హనుమాన్ వద్ద తర్ఫీదు పొందిన సత్పాల్ 1982 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచి, ఛత్రసాల్ స్టేడియంలో కోచ్‌గా స్థిరపడ్డాడు. ఆయన శిష్యుడు సుశీల్ కుమార్ 2008లో ఒలింపిక్ కాంస్యం, 2012లో రజతం తెచ్చాడు. గొప్ప ఆటగాడు గొప్ప గురువు కావాలని లేదు కదా అంటారు. నిజమే, గెలుపు ఒక్కటే చాలదు. అమెరికాలో డాన్ గేబుల్ కాలేజీ కుస్తీలో ఓడింది ఒక్కసారే, అదీ 1970లో చివరి పోరులో. ఆ ఓటమితో తన సాధనలో లోపాలు వెతుక్కుని, 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో ఒక్క పాయింటూ ఇవ్వకుండా స్వర్ణం గెలిచాడు. 1976 నుంచి 1997 వరకు అయోవా విశ్వవిద్యాలయానికి కోచ్‌గా ఉండి 15 జాతీయ టైటిళ్లు సాధించిపెట్టాడు. తను ఎందుకు ఓడాడో తెలిసినవాడే ఇంకొకరి తప్పు పట్టుకోగలడు.

ఒలింపిక్స్ మ్యాట్ మీద జరుగుతుంటే మట్టి దేనికన్నది రెండో అభ్యంతరం. మట్టిలో వీపు నేలకు అంటించి చిత్ చేస్తేనే గెలుపు, ఎంతసేపైనా సాగుతుంది. మ్యాట్ మీద మూడేసి నిమిషాల రెండు విడతలు, పాయింట్ల లెక్క. వేగం వేరు, వ్యూహం వేరు. కొల్హాపూర్ రాజారాం కాలేజీలో చదివిన ఖాశాబా జాదవ్ మట్టిలో పెరిగి 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఆరో స్థానంతో తిరిగొచ్చాడు. 1952 హెల్సింకీలో కాంస్యం గెలిచాడు. మట్టి ఇచ్చిన పట్టు, ఊపిరి వృథా పోలేదు, మ్యాట్‌కు అలవాటు పడటమే మిగిలిన పని. ఆ మార్పు చేయించగలవాడు రెండూ తెలిసిన కోచ్.

పహిల్వాన్ అనగానే రౌడీ గుర్తొస్తాడన్న విమర్శ కొట్టిపారేసేది కాదు. 2021లో ఒక యువ మల్లుడి మృతి కేసులో సుశీల్ కుమారే అరెస్టయ్యాడు. పాత తాలీంఖానాలు ఆడపిల్లలను గడప తొక్కనివ్వలేదన్నదీ నిజమే. 2016 రియోలో సాక్షి మలిక్ గెలిచిన కాంస్యం ఆ అడ్డుగోడ ఎంత అర్థం లేనిదో చూపింది. అయితే ఈ రెండు జబ్బులకూ మందు గోదా మూసెయ్యడం కాదు. వస్తాదు ఇంటి తాలీంఖానాలో అడిగేవాడుండడు; బడి, కాలేజీ గొడుగు కింద జీతం తీసుకునే కోచ్ మాత్రం నలుగురికీ జవాబు చెప్పాలి.

జనగామ జిల్లా రఘునాథపల్లి లాంటి ఊళ్ల సంగతి ఇక్కడే వస్తుంది. జనగామ పల్లెల పిల్లలకు కబడ్డీ కొత్త కాదు. మడమ పట్టడం, తొడ పట్టడం, మీదపడి అదిమిపెట్టడం వాళ్లకు అప్పటికే తెలుసు. కుస్తీకి అది సగం పునాది. మిగతా సగం వేయించడానికి, విశ్వవిద్యాలయాల పోటీల్లో నెగ్గి, పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో కోచింగ్ డిప్లొమా చేసిన మల్లుడు ఒక్కడు మండలానికి ఉంటే చాలు. అతనికి నెలనెలా జీతం, బడి ఆవరణలో ఒక గోదా, ఒక మ్యాట్ ఇస్తే పదేళ్లలో తన వారసులను తనే తయారుచేసుకుంటాడు. కడియాలకు చందాలు పోగుచెయ్యగలిగిన ఊళ్లు ఇందుకూ చెయ్యగలవు, ప్రభుత్వాన్నీ అడగగలవు.