గ్లాసులో ఎన్ని గ్రాములు?

నాచారంలో గిర్నీకి గోధుమలు తీసుకెళ్తే కిలోల లెక్క. అదే పిండి ఇంటికొచ్చి డబ్బాలో పడగానే గ్లాసుల లెక్క. చాలా వంటలకు దీనితో ఇబ్బందేమీ లేదు. దోసెలకు గ్లాసు మినప్పప్పు, మూడు గ్లాసుల బియ్యం నానబోసేవాళ్లకు ఆ గ్లాసు ఎంతదైనా ఒకటే, రెండింటికీ అదే వాడితే చాలు. గిద్దె, సోల, తవ్వ, మానికలతో మన పెద్దలు నడిపిన వంటిళ్లూ ఇలాంటివే.

చిక్కంతా తూకమూ కొలతా కలిసినచోట. "కిలో ఊరగాయ ముక్కలకు చిన్న గ్లాసుడు ఉప్పు వెయ్యి" అని ఫోన్‌లో చెప్పేస్తుంది పిన్ని. చిన్నదంటే ఎంత? ఏ ఉప్పు? 250 మిల్లీలీటర్ల గ్లాసులో మెత్తటి ఉప్పు సుమారు 300 గ్రాములు పడుతుంది. దొడ్డుప్పు అంత పట్టదు, గళ్ల మధ్య గాలి ఉంటుంది కదా. అదే గ్లాసుకు బియ్యం 200 గ్రాములకు కాస్త అటూఇటూ. గోధుమపిండి వదులుగా పోస్తే ఇంకా చాలా తక్కువ, గ్లాసును గట్టుమీద నాలుగుసార్లు తడితే మళ్లీ చోటు పుడుతుంది. రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మిల్లీలీటర్లే, అది జపాన్ కొలత. అమెరికా వంటల్లో కప్పంటే సుమారు 240.

ఈ చిక్కును వృత్తిగా విప్పినవాళ్లు మనకు పక్కనే ఉన్నారు. ఉప్పల్ నుంచి సికింద్రాబాద్ వెళ్లే దారిలో, హబ్సిగూడ దాటాక తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాద్ వచ్చింది. 1972లో ఏర్పడిన జాతీయ పోషణ పర్యవేక్షణ విభాగానికీ ఇదే కేంద్రంగా ఉండేది. ఎవరు ఏం తింటున్నారో ఊళ్లకెళ్లి అడగాలి. నిన్న ఎన్ని గ్రాముల పప్పు తిన్నావమ్మా అంటే ఏ ఇల్లాలు చెబుతుంది? అందుకే సర్వేకు వెళ్లేవాళ్లు ప్రామాణిక కప్పులు, చెంచాలు వెంట తీసుకెళ్తారు. వండింది మొత్తం ఎన్ని కప్పులైంది, ఎవరికెంత పెట్టారు అన్నది ఇల్లాలు ఆ కప్పులతోనే చూపిస్తుంది.

నాకు బాగా నచ్చింది ఆ తర్వాతి లెక్క. ఇంటిల్లిపాదికీ 200 గ్రాముల కందిపప్పు వేస్తే, వండాక పది కప్పులైందనుకుందాం. అందులో ఒకరు రెండు కప్పులు తింటే వాళ్ల వాటా 40 గ్రాముల కందిపప్పు. పప్పు చిక్కగా వండారా, జారుగా వండారా అన్న గొడవే లేదు. నీళ్లెన్ని పోసినా వాటా మారదు. బరువు పచ్చి సరుకు నుంచి, వాటా కప్పుల నుంచి. దోసెల గ్లాసులో ఉన్న తెలివే ఇదీనూ, కాకపోతే చివర్లో గ్రాములు చేతికొస్తాయి.

ఇంట్లో ఇంత అక్కర్లేదు. రోజూ వాడే గ్లాసును ఒకసారి కాటా మీద పెట్టి ఉప్పుకు, బియ్యానికి, పిండికి ఎంతెంతో డబ్బాల మీద రాసుకుంటే సరి. ఊరగాయ ఉప్పు మాత్రం నేను తూకానికే వదిలేస్తాను.

నూనె కథ వేరు. వేడికి ఉబ్బుతుంది. లీటరు సోయా నూనె 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములుంటే, 60 డిగ్రీల దగ్గర 893 కూడా ఉండదు. కొన్ని కంపెనీలు ప్యాకెట్ మీద ఆ 60 డిగ్రీలనే అచ్చువేసుకునేవి! ఉష్ణోగ్రత తీసేసి లీటర్లతోపాటు బరువూ వేయమని 2022లో కేంద్రం చెప్పింది. ఉప్పల్‌లో మే నెల ఎండైనా 60 దాకా పోదు కాబట్టి, ధరలు పోల్చేటప్పుడు నేను లీటరు పక్కనుండే గ్రాములే చూస్తాను.