‘గుండమ్మ కథ’ చిత్రం: అసూయ, పోటీ, సంతృప్తి – ఒక పరిశీలన

1. ప్రవేశిక

నాగిరెడ్డి, చక్రపాణి నిర్మాతలుగా, కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో విజయా సంస్థ 1962లో విడుదల చేసిన ‘గుండమ్మ కథ’ను గయ్యాళికి గుణపాఠం చెప్పిన హాస్యచిత్రంగానే ఎక్కువమంది చూశారు. కన్నడ చిత్రం ‘మనె తుంబిద హెణ్ణు’ దీనికి మాతృక. అసూయకు విరుగుడైన సంతృప్తిని ఈ చిత్రం శ్రమ ద్వారా నిరూపించింది. అయితే ఆ పరీక్షను స్త్రీ పురుషులకు సమానంగా పెట్టలేదన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

2. ఇంటిలోని పోటీ

సవతి కూతురు లక్ష్మి (సావిత్రి) ఇంటి చాకిరీ అంతా చేస్తుంది. సొంత కూతురు సరోజ (జమున) గారాబంగా పెరుగుతుంది. అసూయపడడానికి కారణాలున్న లక్ష్మిలో అది కనిపించదు. అన్నీ ఉన్న సరోజకే అక్కను చులకన చేయనిదే తృప్తి లేదు. గుండమ్మ (సూర్యకాంతం) పక్షపాతానికి కూతురి భవిష్యత్తుపై బెంగ మూలం. సంబంధాలు చెడగొట్టే గంటయ్య (రమణారెడ్డి) ఆ బెంగను వాడుకుంటాడు. పోటీ అక్కాచెల్లెళ్ల స్వభావంలో పుట్టినది కాదు, పెద్దల పెంపకం కల్పించినది.

3. శ్రమ: వేషం, వాస్తవం

సంపన్నుడైన రామభద్రయ్య (ఎస్.వి. రంగారావు) పెద్దకొడుకు అంజి (ఎన్.టి. రామారావు) పనివాడుగా ఆ ఇంట చేరతాడు. మహిళాలోకం మేల్కొన్నదని పాడుతూ అతడు పిండి రుబ్బే సన్నివేశం నవ్విస్తూనే, ఇంటిపని స్త్రీకే పరిమితమన్న భావనను ప్రశ్నిస్తుంది. లక్ష్మి ఒంటరి చాకిరీ అక్కడ ఇద్దరి పనిగా మారుతుంది. వారి ప్రణయానికి బలం అదే.

చిన్నకొడుకు రాజా (అక్కినేని నాగేశ్వరరావు) పేదవాడుగా నటించి, భార్య సరోజను తోటపనికి తీసుకువెళతాడు. ఆమెలో మార్పు ఉపదేశంతో రాలేదు, చేతులతో పనిచేయడం వల్ల వచ్చింది. కాని రాజాకు ఆ పేదరికం ఎప్పుడైనా విడిచివేయగల వేషం, నిజం తెలియని సరోజకు అది జీవితం. లక్ష్మి కూడా అంజి సంపద తెలియకుండానే అతడిని వరించింది. పరీక్షకు నిలిచినది ఇద్దరు స్త్రీల సంతృప్తే. పురుషుల సంతృప్తికి ఆ అవసరమే రాలేదు.

4. ముగింపు

దుర్గ (ఛాయాదేవి) చేతిలో బాధలు పడిన గుండమ్మకు, తాను బాధించిన లక్ష్మే అండగా నిలుస్తుంది. చిత్రంలో నైతికంగా బలమైన ఘట్టమిదే. అయినా చివరకు అందరికీ సిరి దక్కడం వల్ల, లేమిలోనూ ఈ సంతృప్తి నిలిచేదా అన్న ప్రశ్న మిగిలిపోతుంది. ‘గుండమ్మ కథ’ను బోధించేటప్పుడు హాస్యంతోపాటు ఈ ప్రశ్ననూ విద్యార్థుల ముందుంచడం అవసరం.